మూడు రోజుల్లో సింగపూర్: వీసా నుంచి తిరుగు ఫ్లైట్ దాకా ఏది ఎప్పుడు చెయ్యాలి

హైదరాబాద్ నుంచి నాలుగున్నర గంటల ఫ్లైట్, వైజాగ్ నుంచి కూడా నేరుగా వెళ్లొచ్చు. అందుకే రెండు రోజులు సెలవు పెట్టి సింగపూర్ చూసొద్దామనుకునేవాళ్లు బాగా పెరిగారు. ఆస్ట్రేలియాకో అమెరికాకో వెళ్తూ మధ్యలో ఒకటి రెండు రోజులు ఆగేవాళ్లూ ఉన్నారు. వీళ్లందరూ అడిగేది ఒకటే: ఏది ముందు, ఏది తర్వాత?

ఏం చూడాలో చెప్పే లిస్టులు ఎక్కడైనా దొరుకుతాయి. ఏ పూట ఎక్కడ ఉండాలన్నదే ఎవరూ చెప్పరు, ట్రిప్పు బాగుండేదీ పాడయ్యేదీ అక్కడే. ఈ ఊరు భూమధ్యరేఖకి ఆనుకుని ఉంది. పగలంతా ఉక్క, మధ్యాహ్నం తర్వాత ఎప్పుడైనా వాన, ఏడాది పొడవునా సాయంత్రం 7 ప్రాంతంలోనే చీకటి, ఆ వెంటనే పైసా టికెట్ లేని లైట్ షోలు. కాబట్టి ప్లాన్ సాయంత్రం నుంచి వెనక్కి వేసుకోవాలి. రోజుకి ఒక్క పెద్ద టికెట్ చాలు, ఒక పూటకి ఒక్క ప్రాంతం చాలు.

కింద రాసింది గురువారం పొద్దున దిగి శనివారం రాత్రి ఫ్లైట్ ఎక్కేవాళ్ల లెక్క. గురువారం ఎందుకంటే, రెండో రోజు చూసే సెంటోసా దీవి శుక్రవారం పడుతుంది, శని ఆదివారాల రద్దీ తప్పుతుంది.

## 1. వీసా, అరైవల్ కార్డ్

భారత పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ముందుగా వీసా ఉండాలి, అక్కడ దిగాక ఇచ్చేది లేదు. గుర్తింపు పొందిన వీసా ఏజెంట్ ద్వారా అప్లై చేసుకోవాలి, వచ్చేది ఈ-వీసా. సర్కారు ఫీజు 30 సింగపూర్ డాలర్లు, దాని మీద ఏజెంట్లు తలా ఒక రేటు వేస్తారు, అందుకే ఇద్దరు ముగ్గుర్ని అడిగి చూడండి. ప్రయాణానికి 30 రోజుల లోపు అప్లై చెయ్యడం సరైన పద్ధతి, అలాగని ఆఖరి వారం దాకా ఆగొద్దు.

ఫోటో విషయంలోనే ఎక్కువ అప్లికేషన్లు తిరిగొస్తాయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్, 35 బై 45 మిల్లీమీటర్లు, ఈ మధ్యే తీసింది అయ్యుండాలి. స్టూడియోలో "సింగపూర్ వీసాకి" అని చెప్పి తీయించుకోండి.

మధ్యలో ఆగేవాళ్లకి ఇంకో దారి ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, జపాన్, జర్మనీ, స్విట్జర్లాండ్‌లలో ఏదో ఒక దేశం వీసా చేతిలో ఉండి, దానికి ఇంకా నెల రోజులైనా గడువు మిగిలి ఉండి, మూడో దేశానికి వెళ్తూనో అక్కడి నుంచి వస్తూనో దిగితే 96 గంటల దాకా వీసా లేకుండా ఉండొచ్చు. 96 గంటల్లోపు బయల్దేరే కన్ఫర్మ్ టికెట్ చూపించాలి. హైదరాబాద్ నుంచి వెళ్లి మళ్లీ హైదరాబాదే వస్తే ఇది కుదరదు. తిరుగు ప్రయాణంలో వాడుకునేవాళ్లకి సింగిల్ ఎంట్రీ వీసా మీద వేరే షరతులున్నాయి, అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖ ఐసీఏ వెబ్‌సైట్‌లో మీ కేసు ఒకసారి చూసుకున్నాకే టికెట్ బుక్ చెయ్యండి. చివరి మాట ఎప్పుడూ ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్‌దే.

ఇక ఎస్‌జీ అరైవల్ కార్డ్, అంటే దిగేముందు నింపే ఫారం. దిగే రోజుతో కలిపి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపొచ్చు, ఇది పూర్తిగా ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బులు అడిగే సైట్లు పైకి వస్తాయి, వాటి జోలికి పోకుండా ఐసీఏ సైట్‌లోనో మైఐసీఏ యాప్‌లోనో నింపండి. ఈమెయిల్ ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఎందుకంటే పాస్‌పోర్ట్ మీద ముద్ర వెయ్యరు, ఎన్ని రోజులు ఉండొచ్చో చెప్పే ఈ-పాస్ ఆ మెయిల్‌కే వస్తుంది.

బయల్దేరే ముందు చెక్‌లిస్ట్:

- పాస్‌పోర్ట్‌కి కనీసం 6 నెలల గడువు
- ఈ-వీసా ప్రింటు, ఫోన్‌లో ఒక కాపీ
- అరైవల్ కార్డ్ (పిల్లలతో సహా ఒక్కొక్కరికీ)
- తిరుగు టికెట్, హోటల్ బుకింగ్
- మూడు చదరపు పిన్నుల అడాప్టర్, మన ప్లగ్గులు అక్కడి గోడల్లో పట్టవు
- ఫోల్డింగ్ గొడుగు

## 2. సూట్‌కేస్‌లో ఏం పెట్టకూడదు

అమ్మలు ప్రేమగా కట్టే సామాన్లలోనే చిక్కులున్నాయి, అందుకే ఇది ఓపిగ్గా చదవండి.

గసగసాలు. మన వంటింట్లో మసాలా దినుసు, సింగపూర్‌లో అనుమతి లేకుండా తేకూడని వస్తువు. అక్కడ డ్రగ్స్ చట్టాలు ఎంత కఠినమో అందరికీ తెలిసిందే. విడిగా ఉన్న ప్యాకెట్టే కాదు, ఇంట్లో కొట్టిన మసాలా పొడిలో కలిసి ఉన్నా వదిలేసి వెళ్లండి.

గుట్కా, ఖైనీ, జర్దా: నిషేధం. ఈ-సిగరెట్, వేప్: తేవడమూ, దగ్గర ఉంచుకోవడమూ నేరమే. మామూలు సిగరెట్లకి డ్యూటీ ఫ్రీ లేదు, ఒక్క ప్యాకెట్ ఉన్నా కస్టమ్స్ రెడ్ ఛానల్‌లో చెప్పి పన్ను కట్టాలి. చూయింగ్ గమ్ కూడా తేవద్దు.

చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి లాంటివి వద్దు, మాంసం పదార్థాలు అక్కడి ప్రభుత్వం ఒప్పుకున్న దేశాల నుంచి మాత్రమే రావాలి. ఆవకాయ, పొడులు, మురుకులతో ఇబ్బంది లేదు.

పెద్దవాళ్లతో వెళ్తుంటే మందుల సంగతి. బీపీ, షుగర్ మాత్రలు డాక్టర్ చీటీతో, అసలు స్ట్రిప్పుల్లోనే పట్టుకెళ్లండి. నిద్ర మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు లాంటివాటికి ముందే హెల్త్ సైన్సెస్ అథారిటీ అనుమతి కావాల్సి రావచ్చు, వాళ్ల సైట్‌లో మందు పేరు కొట్టి చూసుకోండి.

## 3. కార్డు, డబ్బు, ఫోన్

ఇంటి దగ్గరే చెయ్యాల్సిన పని: బ్యాంక్ యాప్ తెరిచి మీ వీసా లేదా మాస్టర్‌కార్డ్‌కి అంతర్జాతీయ వాడకం ఆన్ చెయ్యండి, దాని కిందే కాంటాక్ట్‌లెస్ అని ఇంకో బటన్ ఉంటుంది, అదీ ఆన్ చెయ్యండి. మన దగ్గర కార్డులు ఇచ్చేటప్పుడు దేశం లోపలి వాడకానికే తెరిచి ఇస్తారు. ఈ రెండో బటన్ మర్చిపోయినవాళ్లే మెట్రో గేటు ముందు కార్డు రుద్దుతూ నిలబడిపోతారు.

అక్కడి మెట్రోని ఎంఆర్‌టీ అంటారు. టికెట్ కొనక్కర్లేదు, లోపలికి వెళ్లేటప్పుడు కార్డు తాకించాలి, బయటికి వచ్చేటప్పుడు అదే కార్డు తాకించాలి. మనిషికో కార్డు ఉండాలి, ఒకే కార్డుతో ఇద్దరు పోలేరు. ఫోన్‌లోకి ఎక్కించుకున్న కార్డు వాడితే లోపలికీ బయటికీ ఫోనే వాడండి, లోపలికి ఫోను, బయటికి ప్లాస్టిక్ కార్డు అంటే రెండు వేరే ప్రయాణాలుగా లెక్కపడి ఛార్జీ ఎక్కువ పోతుంది.

విదేశీ కార్డుకి వాడిన రోజుకి 60 సెంట్లు అదనంగా పడుతుంది. మూడు రోజులకి అది పెద్ద ఖర్చు కాదు. కార్డు లేని అమ్మానాన్నలకి స్టేషన్‌లో ఈజీ-లింక్ కార్డు కొనివ్వండి.

కొంత నగదు మాత్రం ఉండాలి. హాకర్ సెంటర్లలో, అంటే ప్రభుత్వం కట్టించిన ఫుడ్ కోర్టుల్లో, చాలా స్టాళ్లు నగదో, అక్కడి క్యూఆర్ కోడ్ చెల్లింపో అడుగుతాయి. మన యూపీఐ పనిచేస్తుందని నమ్మకం పెట్టుకోవద్దు.

## 4. ఎక్కడ దిగాలి

సాయంత్రం షోలు జరిగే మెరీనా బే దగ్గర హోటళ్లు ఖరీదెక్కువ. నా మాట అడిగితే లిటిల్ ఇండియా ఎంఆర్‌టీ స్టేషన్‌కి ఐదారు నిమిషాల నడకలో ఏదైనా శుభ్రమైన హోటల్ చూసుకోండి. ఇడ్లీ దోసెలు కింద దొరుకుతాయన్నది ఒక కారణం, అంతకన్నా గట్టి కారణం ఆ స్టేషన్లో కలిసే రెండు లైన్లు. నీలం లైన్ ఎక్కితే బుగిస్, మెరీనా బే తోటలుండే బేఫ్రంట్, చైనాటౌన్ వరసగా వస్తాయి, అదే లైన్లో అటువైపు వెళ్తే బొటానిక్ గార్డెన్స్. ఊదా లైన్ ఎక్కితే సెంటోసాకి దారి అయిన హార్బర్‌ఫ్రంట్. మూడు రోజుల్లో చూసేవన్నీ దాదాపు రైలు మారకుండానే అయిపోతాయి, పిల్లలూ పెద్దవాళ్లూ ఉన్నప్పుడు దీని విలువ అక్కడికెళ్లాక తెలుస్తుంది.

గదులు చిన్నవి. నలుగురైతే ఫ్యామిలీ రూమ్ అని ఉన్నదాని చదరపు అడుగులు చూసి మరీ బుక్ చెయ్యండి.

## 5. మొదటి రోజు పొద్దున: దిగిన దగ్గర్నుంచి

మన దగ్గర రాత్రి ఎక్కే ఫ్లైట్లు అక్కడ పొద్దున్నే దిగుతాయి. సింగపూర్ టైమ్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి మీకు నిద్ర పట్టిందో లేదో అనేసరికే అక్కడ తెల్లారిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసేది ఏమిటంటే, దిగగానే ఎయిర్‌పోర్ట్‌ని ఆనుకుని ఉన్న జువెల్ అనే మాల్‌కి పరుగెత్తడం. అందులో 40 మీటర్ల జలపాతం ఉంది, ఇంటి పైకప్పు కింద పడే జలపాతాల్లో ప్రపంచంలోనే ఎత్తైనది, చూడాల్సిందే. కానీ పొద్దున 6, 7 గంటలకి నీళ్లు వదలరు, 10, 11 గంటలు దాటాలి. దాన్ని తిరుగు ప్రయాణానికి పెట్టుకోండి, చీకటి పడ్డాక లైట్లతో ఇంకా బాగుంటుంది.

మొదటి పూట వరస ఇలా:

1. చాంగీ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ (టెర్మినల్ 2, 3 మధ్య) నుంచి ఎంఆర్‌టీ. తనా మేరాలో మారి బుగిస్ దాకా, అక్కడ నీలం లైన్లోకి మారితే రెండో స్టేషన్ లిటిల్ ఇండియా.
2. హోటల్లో గది మధ్యాహ్నం 2, 3 గంటలకి గానీ ఇవ్వరు, సామాను మాత్రం పెట్టుకుంటారు. అందుకే ఒక జత బట్టలు, టూత్‌బ్రష్ చేతి సంచిలోనే ఉంచుకోండి.
3. సెరంగూన్ రోడ్డులో టిఫిన్. 1947 నుంచి ఉన్న కోమల విలాస్ శాకాహారులకి ధైర్యం.
4. అదే రోడ్డులో వీరమాకాళి అమ్మవారి గుడి, ఇంకాస్త ముందుకెళ్తే శ్రీనివాస పెరుమాళ్ గుడి. గుళ్లు మధ్యాహ్నం 12, 12:30కి మూసేస్తారు, కాబట్టి ముందు ఇవే.
5. ఓపిక ఉంటే బుగిస్ వెళ్లి సుల్తాన్ మసీదు, హాజీ లేన్. లేకపోతే వదిలేయండి.
6. గది దొరకగానే స్నానం చేసి రెండు గంటలు పడుకోండి.

ఆరోది తప్పకుండా చెయ్యండి. ఈ నిద్ర మానేసినవాళ్లు సాయంత్రం షో టైమ్‌కి కూలబడిపోతారు, ఆ సాయంత్రమే ఈ ట్రిప్పు మొత్తానికి ప్రాణం.

## 6. మొదటి సాయంత్రం: మెరీనా బే, గంట గంటకీ

4:30. బేఫ్రంట్ స్టేషన్‌లో దిగి గార్డెన్స్ బై ది బే వైపు. ఫ్లవర్ డోమ్, క్లౌడ్ ఫారెస్ట్ అని రెండు పెద్ద అద్దాల మేడలున్నాయి, రెండూ ఏసీ. టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. నెలకో రోజు మరమ్మతులకి మూస్తారు, కాబట్టి కొనేముందు తేదీ చూసుకోండి. డబ్బు ఒక్కదానికే పెట్టాలనుకుంటే క్లౌడ్ ఫారెస్ట్‌కి పెట్టండి: లోపలికి అడుగు పెట్టగానే 35 మీటర్ల పైనుంచి పడే నీళ్ల తుంపర మొహాన తగులుతుంది, లిఫ్టులో పైకెళ్లి నడక దారి మీద మెల్లగా దిగుతూ రావాలి. పిల్లలకి పల్చటి స్వెటర్ ఉంటే మంచిది, బయట చెమటలు పట్టి లోపలికొస్తే చలేస్తుంది.

7:00. బయటికొచ్చి ఏదైనా తినండి.

7:30. సూపర్‌ట్రీ గ్రోవ్. ఉక్కు చట్రాల మీద తీగలు పాకించిన పెద్ద పెద్ద చెట్లు. షో 7:45కి, మళ్లీ 8:45కి, ఉచితం. నిలబడి చూస్తే మెడ నొప్పి తప్ప ఏం మిగలదు, చెట్ల మధ్యలోకి వెళ్లి నేల మీద వెల్లకిలా పడుకోండి, అందరూ అలాగే పడుకుంటారు. ఒక దుప్పటో చున్నీయో తెచ్చుకోండి.

8:15. పైనున్న వంతెన దారి గుండా మెరీనా బే శాండ్స్ హోటల్ దాటి నీటి ఒడ్డుకి. పావుగంట, ఇరవై నిమిషాల నడక, తోవంతా బోర్డులుంటాయి.

9:00. స్పెక్ట్రా అనే నీళ్లు, లేజర్ల షో, ఇదీ ఉచితమే. రోజూ 8కీ 9కీ ఉంటుంది, శుక్ర శనివారాల్లో 10కి కూడా. మెట్ల మీద ముందు వరసలో కూర్చుంటే తడుస్తారు, రెండు మూడు వరసలు పైన కూర్చోండి.

9:20. హీలిక్స్ వంతెన మీదకి వెళ్లి ఊరంతా ఒకసారి చూసి, బేఫ్రంట్ నుంచి ఇంటికి.

వాన పడితే? గట్టి వానకీ పిడుగులకీ షో ఆపేస్తారు. 7:45ది పోతే డోమ్ లోపలే ఉండి 8:45కి ప్రయత్నించండి. అదీ పోతే రేపు సెంటోసా నుంచి నేరుగా ఇటు రండి. మొదటి రోజే ఇది పెట్టుకోమనడానికి అసలు కారణం ఇదే, చేతిలో ఇంకో సాయంత్రం మిగిలి ఉంటుంది.

## 7. రెండో రోజు: సెంటోసా

ఊదా లైన్లో హార్బర్‌ఫ్రంట్, పైన వివోసిటీ మాల్ మూడో లెవెల్ నుంచి సెంటోసా ఎక్స్‌ప్రెస్. లోపలికి 4 డాలర్లు, తిరిగి రావడం ఉచితం. నడిచి వెళ్లే బోర్డ్‌వాక్ కూడా ఉంది. దీవిలో బస్సులకి డబ్బులు లేవు.

ఇక్కడ ఒకటే నిర్ణయం: యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కు కావాలా వద్దా. పదేళ్లు దాటిన పిల్లలుంటే వెళ్లండి, రోజంతా దానికే పోతుంది, ఇంకేం కలపొద్దు. అరవై దాటిన అమ్మానాన్నలతో అయితే మానేసి ఓషనేరియం (సముద్ర జీవుల అక్వేరియం), కేబుల్ కారు, సాయంత్రం సిలోసో బీచ్ అనుకోండి. సగం ఇది, సగం అది అనుకుంటే రెండు టికెట్ల డబ్బులూ వృథా.

యూనివర్సల్‌కి వెళ్లేవాళ్లు గేట్లు తీయడానికి అరగంట ముందే ఉండండి. మొదటి గంటన్నరలో పెద్ద రైడ్లు పూర్తి చేస్తే మధ్యాహ్నం క్యూల బాధ సగం తగ్గుతుంది. ఉరుములొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు, ఆ టైమ్‌లో లోపలి షోలకి వెళ్లిపోండి.

నైట్ సఫారీ చాలామంది అడుగుతారు. బాగుంటుంది, కానీ అది ఊరికి ఉత్తరాన మండాయ్‌లో ఉంది, పోవడానికి ఒక గంట, రావడానికి ఒక గంట, మొదలయ్యేది రాత్రి 7:15కి. మూడు రోజుల ట్రిప్పులో పెట్టాలంటే రెండో రోజు సెంటోసా బదులు పగలు జూ, రాత్రి సఫారీ అనుకోండి. సెంటోసా, సఫారీ ఒకే రోజున మాత్రం వద్దు.

## 8. మూడో రోజు: మెర్లయన్, చైనాటౌన్

సింహం తల, చేప ఒళ్లు ఉన్న మెర్లయన్ విగ్రహం మొహం తూర్పుకి. అంటే సాయంత్రం ఫోటోలో వెలుగు వెనక నుంచి పడి మొహం నల్లగా వస్తుంది. పొద్దున 8 గంటలకల్లా రాఫిల్స్ ప్లేస్‌లో దిగి నడిచి వెళ్లండి, ఎండ విగ్రహం మీద నేరుగా పడుతుంది, టూర్ బస్సులు ఇంకా వచ్చి ఉండవు.

అక్కడి నుంచి చైనాటౌన్ దగ్గరే. 1827లో వెలసిన మారియమ్మన్ గుడి, కొద్ది దూరంలో బుద్ధుడి దంతావశేషం ఉన్న ఆలయం. ఆ పక్కనే మాక్స్‌వెల్ ఫుడ్ సెంటర్‌లో భోజనం.

శాకాహారులు ఇక్కడ జాగ్రత్త. "వెజిటబుల్" అని రాసి ఉన్నంత మాత్రాన శాకాహారం కాదు, రొయ్యల ముద్ద, చేపల సాస్ రుచి కోసం వేస్తారు. "నో మీట్, నో ఫిష్, నో ప్రాన్, నో ఎగ్" అని విడివిడిగా అడగండి. చైనీస్ శాకాహార స్టాళ్లు విడిగా ఉంటాయి, అవి నిశ్చింత. టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ సీటు ఎవరో ఆపుకున్నట్టు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్లి పెట్టాలి, అది అక్కడ చట్టం.

## 9. తరచూ జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

రైల్లో నీళ్లు తాగడం. ఎంఆర్‌టీలో తిండీ, నీళ్లూ రెండూ నిషేధం, 500 డాలర్ల దాకా జరిమానా. పిల్లలకి స్టేషన్ బయటే తాగించండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, ఖాళీ సీసా ఉంటే చాలు.

ఎక్కడ పడితే అక్కడ రోడ్డు దాటడం. జీబ్రా లేదా వంతెన 50 మీటర్ల లోపు ఉంటే దాని మీద నుంచే దాటాలి.

చంటి పిల్లలతో గ్రాబ్ (మన ఓలా, ఊబర్ లాంటి యాప్) కారు బుక్ చెయ్యడం. 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకి ప్రైవేటు కార్లలో తప్పనిసరిగా ప్రత్యేక సీటు ఉండాలి, లేకపోతే డ్రైవర్ ఎక్కించుకోడు. యాప్‌లో మీటర్ ట్యాక్సీ ఎంచుకోండి, వాటికి ఈ నిబంధన లేదు.

రెస్టారెంట్ బిల్లు చూసి టెన్షన్ పడటం. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ ఛార్జి, 9 శాతం జీఎస్టీ కలుస్తాయి. హాకర్ సెంటర్లలో ఈ గొడవ లేదు.

షాపింగంతా లిటిల్ ఇండియాలోని ముస్తాఫాలో ఆఖరి రాత్రికి పెట్టుకోవడం. ఆ షాపు చాలా పెద్దది, వెళ్తే రెండు గంటలు పోతాయి. మొదటి రోజు పొద్దున గుళ్లు చూశాక గది ఇచ్చేలోపు ముగించేయండి.

## 10. తిరుగు ప్రయాణం

ఫ్లైట్‌కి ఐదు గంటల ముందు ఎయిర్‌పోర్ట్‌లో ఉండేలా బయల్దేరండి. ఎక్కువ అనిపిస్తుంది, కానీ పనులున్నాయి:

- ఒకే షాపులో ఒకే రోజు కనీసం 100 డాలర్లకి కొన్నదానికి పన్ను వాపసు వస్తుంది. మూడు బిల్లుల దాకా కలపొచ్చు. కొనేటప్పుడే పాస్‌పోర్ట్ చూపించి ఉండాలి.
- కొన్న వస్తువు పెద్ద సూట్‌కేస్‌లో పెట్టేట్టయితే బ్యాగు ఇవ్వకముందే బయటి కియోస్క్‌లో వాపసు పని చేసుకోండి. చేతిలో తీసుకెళ్లేదైతే ఇమ్మిగ్రేషన్ దాటాక. తనిఖీ కోసం వస్తువు చూపించమని అడగొచ్చు.
- బ్యాగులు ఇచ్చేసి చేతులు ఖాళీ చేసుకున్నాక జువెల్. టెర్మినల్ 1కి ఆనుకునే ఉంది, 2, 3 నుంచి వంతెన దారి ఉంది, 4 నుంచి అయితే షటిల్ బస్సు ఎక్కాలి.
- జువెల్ ఇమ్మిగ్రేషన్‌కి బయటే ఉంటుంది. లోపలికి వెళ్లిపోతే మళ్లీ రాలేరు, కాబట్టి ముందు జలపాతం, తర్వాతే ఇమ్మిగ్రేషన్.
- ఈజీ-లింక్ కార్డులో డబ్బు మిగిలితే ఇక్కడే ఏదైనా తిని ఖర్చు పెట్టేయండి.

భద్రతా తనిఖీ చాంగీలో చాలా వరకు గేటు దగ్గరే చేస్తారు. అందుకే గేటుకి ఆఖరి నిమిషంలో చేరొద్దు, సీసాలో నీళ్లుంటే ఆ తనిఖీకి ముందే తాగేయండి.